రంగుల కన్నా ముందు కాగితం

(డ్రాయింగ్ నేర్చుకుంటున్న పిల్లలకు, డ్రాయింగ్ మాస్టార్లకు కలిపి ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనక మాస్టార్లున్నారు. పిల్లలకు చెప్పాల్సింది ఒకటుంది, మాస్టార్లను అడగాల్సింది ఒకటుంది. రెండూ కాగితం గురించే.

పిల్లలూ, ముందు మీరు చెప్పండి. వాటర్ కలర్ వేస్తే ఆకాశం మచ్చలు మచ్చలుగా వచ్చిందా? కాగితం అలలు అలలుగా లేచిందా? కుంచెతో రెండోసారి రుద్దితే పైపొర ఊడి ఉండలు కట్టిందా? ఎంతమందికి అలా అయింది? చేతులెత్తండి. చూశారా మాస్టారూ, దాదాపు అందరూ. ఇప్పుడు ఇంకో ప్రశ్న. అలా అయినప్పుడు "నాకు వాటర్ కలర్ రాదు" అని ఎంతమంది అనుకున్నారు? మళ్లీ అవే చేతులు. నా బాధంతా అక్కడే. మీకు రాక కాదమ్మా. ఆ కాగితం మీద ఎవరికీ రాదు. ఎంత గొప్ప చిత్రకారుణ్ణి తెచ్చి కూర్చోబెట్టినా రాదు. తప్పు కాగితానిదైతే శిక్ష మీరు వేసుకుంటున్నారు.

నా చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి జిరాక్స్ షాపులో వాడే ఏ4 కాగితం. రెండోది అదే సైజుకు కోసిన వాటర్ కలర్ పేపర్. వెనక ఉన్నవాళ్లకు తేడా కనపడదు, ఒకళ్ల చేతి నుంచి ఒకళ్లకు అందించండి, పట్టుకుని చూడండి. ప్యాకెట్ మీద జీఎస్ఎం అని రాసి ఉంటుంది కదా, అదేమిటి? ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క, అంతే. ఏ4 షీట్లు పదహారు పరిస్తే ఒక చదరపు మీటరు అవుతుంది. జిరాక్స్ కాగితం 80 జీఎస్ఎం. ఎనభైని పదహారుతో భాగించండి. ఎంత? ఐదు. ఆ కాగితం బరువు 5 గ్రాములు. ఈ రెండోది 300 జీఎస్ఎం. దాదాపు 19 గ్రాములు. మీ స్కూల్ డ్రాయింగ్ బుక్‌లో కాగితాలు చాలావరకు 100 నుంచి 150 మధ్య ఉంటాయి. ఆర్టిస్టులు వాడే ఫుల్ షీటు, ఇంపీరియల్ అంటారు, 22 అంగుళాలకు 30 అంగుళాలు. 300 జీఎస్ఎంలో అదొక్కటే సుమారు 128 గ్రాములు. కొన్ని ప్యాకెట్ల మీద 140 ఎల్బీ అని ఉంటుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. అలాంటి 500 షీట్ల కట్ట 140 పౌండ్లు తూగుతుందని దాని అర్థం.

సరే, బరువు ఎందుకు కావాలి? నీళ్లు తగిలితే కాగితం ఎందుకు లేస్తుంది? కాగితమంటే సన్నని పీచు అల్లుకున్న పొర. పీచు తడిస్తే ఉబ్బుతుంది. పొడవులో పెద్దగా పెరగదు, అడ్డంగా లావెక్కుతుంది. తడిసిన చోట కాగితం సాగింది, పక్కన పొడిగా ఉన్న చోట సాగలేదు. మరి సాగిన భాగం ఎక్కడికి పోవాలి? పైకి లేవాలి. ఆ లేచిన గట్ల మధ్య పల్లంలోకి రంగు నీళ్లు దిగి నిలుస్తాయి. అక్కడ ముదురు, గట్టు మీద లేత. మీ ఆకాశంలో మచ్చలు వచ్చింది అందుకే.

ఇప్పుడు దళసరి కాగితం ఏం చేస్తుందో చూడండి. అదే రకం కాగితం మందం రెట్టింపు చేస్తే వంగకుండా నిలబడే బలం ఎంత పెరుగుతుంది? రెట్టింపే అనుకుంటాం. కాదు. ఎనిమిది రెట్లు! మందం పెరిగేకొద్దీ బిగువు ఘనం లెక్కన పెరుగుతుంది. రెండు రెండ్ల నాలుగు, నాలుగు రెండ్ల ఎనిమిది. అందుకే 150 మీద గట్టుల్లా లేచే తడి, 300 మీద కొద్దిగా కదిలి ఆరాక సర్దుకుంటుంది. 600 జీఎస్ఎం దాకా కూడా వస్తాయి, అవి అట్టల్లా ఉంటాయి, ఎంత నీళ్లు పోసినా మెదలవు.

సన్న కాగితమే ఉంటే దారి లేదా? ఉంది. కాగితాన్ని కొన్ని నిమిషాలు నీళ్లలో నానబెట్టి, చెక్క బోర్డు మీద పరిచి, నాలుగు అంచులా నీళ్లు తగిలితే అంటుకునే బ్రౌన్ పేపర్ టేపు వేసి, బల్లపరుపుగా ఆరనివ్వాలి. ఆరేటప్పుడు కాగితం ముడుచుకోవాలని చూస్తుంది, టేపు వదలదు, దాంతో బిగిసిపోతుంది. దాని మీద వేస్తే మళ్లీ తడిపినా లేచేది తక్కువ. బొమ్మ పూర్తిగా ఆరాకే కోసి తీయాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది మంచి పద్ధతి.

ఇంతవరకు విని "అయితే దళసరి షీటు కొంటే చాలు" అని బజారుకు పరిగెత్తకండి. అసలు సంగతి ఇప్పుడే మొదలవుతుంది. పెళ్లి శుభలేఖలకు వాడే ఐవరీ కార్డు ఉంది. దళసరే. దాని మీద వాటర్ కలర్ వేసి చూడండి, రంగు జారుతుంది, కుంచె ఆగిన చోటల్లా గీత పడుతుంది. మీరు ప్రాజెక్టులకు కొనే చార్టు కూడా గట్టిగానే ఉంటుంది. పెన్సిల్ జారిపోతుంది, రంగు పట్టదు. ఇంకో రకం ఉంది, ఎంత దళసరిగా ఉన్నా తడి తగలగానే బ్లాటింగ్ పేపర్‌లా పీల్చేస్తుంది. మూడూ దళసరే, మూడూ వాటర్ కలర్‌కు పనికిరావు. తేడా ఎక్కడుంది?

సైజింగ్‌లో ఉంది. సైజు అంటే కొలత కాదు ఇక్కడ. పీచుకు పట్టించే బంక. ఇంట్లో నూలు చీరకు గంజి పెడతారు చూడండి, అలాంటి పనే. కాగితం తయారయ్యాక జెలటిన్ నీళ్లలో ముంచి ఆరబెడతారు. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే బంక. అది ఉంటే రంగు వెంటనే లోపలికి దిగదు, పైనే కాసేపు నిలబడి మెల్లగా ఆరుతుంది. రంగు పైన ఉంటే ఏమిటి లాభం? కాంతి. పైన ఉన్న రంగు గుండా వెలుతురు వెళ్లి తెల్ల కాగితానికి తగిలి వెనక్కి వస్తుంది. లోపలికి ఇంకిపోయిన రంగు మసకబారుతుంది. ఆ కాసేపు వ్యవధి కూడా ముఖ్యమే. ఆ వ్యవధిలోనే ఒక రంగు ఇంకో రంగులోకి పారుతుంది, తప్పయితే తడి కుంచెతో ఎత్తేయొచ్చు.

ఈ విద్య ఎక్కడో ఇటలీలో ఫ్రాన్సులో పుట్టింది, మనకేం తెలుసు అనుకోకండి. ఇటలీలో ఫాబ్రియానో ఊరివాళ్లు పదమూడో శతాబ్దం నుంచి కాగితం చేస్తున్నారు, జంతు బంక పట్టించడం వాళ్లు బాగా పట్టుకున్నారు. ఫ్రాన్సులో ఆర్ష్ మిల్లు 1492 నాటిది. నిజమే. కానీ మన శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఏం చేస్తారు? నూలు బట్టను కరక్కాయ కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. ఎందుకు పాలు? పాలల్లో కొవ్వు ఉంటుంది, కలంతో గీసిన గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ బట్టకు గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల బంక పూతలు పూతలుగా పట్టించి, అప్పుడు గీస్తారు. అక్కడ బట్ట, ఇక్కడ కాగితం. చేసేది ఒకటే ఆలోచన: బొమ్మ వేసే ముందు, బొమ్మ వేయాల్సిన దాన్ని తయారు చేసుకోవడం. శ్రీకాళహస్తిలో ఎవరూ తయారు చేయని బట్ట మీద కలం పెట్టరు. మరి మనం తయారు కాని కాగితం మీద పిల్లలతో ఎందుకు రంగులు వేయిస్తున్నాం?

వాటర్ కలర్ చరిత్రలో కాగితం ఎంత పని చేసిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో జేమ్స్ వాట్‌మన్ అనే కాగితాల తయారీదారు ఉండేవాడు. అంతకు ముందు కాగితపు గుజ్జును తీగల జాలీ మీద వడకట్టేవారు, ఆ తీగల గీతలు కాగితం మీద పడేవి. 1750ల్లో ఆయన సన్నని నేత జాలీ మీద కాగితం తీశాడు, గీతల్లేకుండా సమంగా వచ్చింది. పైన గట్టి జెలటిన్. ఆ కాగితం దొరికాక ఇంగ్లీషు చిత్రకారుల చేతికి ధైర్యం వచ్చింది. వాళ్లలో టర్నర్ అనే చిత్రకారుడు దాన్ని ఎంతో వాడాడు. 1818లో యార్క్‌షైర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో ఆయన యుద్ధనౌక బొమ్మ వేశాడు. ఆ ఇంటివాళ్లు చెప్పుకున్న జ్ఞాపకం ఉంది. కాగితం తడిసి ముద్దయ్యేదాకా రంగు పోశాడట, తర్వాత చింపాడట, గీకాడట, గోకాడట, చూస్తుంటే అంతా గందరగోళమట. మధ్యాహ్న భోజనం వేళకు ఓడ, అలలు, తాళ్లతో సహా పూర్తయిన బొమ్మ పట్టుకొచ్చాడు. మీ డ్రాయింగ్ బుక్‌లో కాగితం అలా గీకితే ఏమవుతుంది? చిల్లు పడుతుంది. కాగితం ఓర్చుకుంది కాబట్టి ఆయన గీకాడు.

అదే వాట్‌మన్ కాగితం ఓడల్లో కలకత్తా వచ్చింది. అక్కడ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలిజా ఇంపే. ఆయన భార్య మేరీ ఇంపే తోటలో పక్షుల్నీ జంతువుల్నీ పెంచింది. వాటిని చిత్రించడానికి పట్నా నుంచి వచ్చిన షేక్ జైనుద్దీన్‌ను, భవానీ దాస్, రామ్ దాస్‌లను పెట్టుకుంది. 1777 నుంచి 1782 దాకా మూడు వందలకు పైగా చిత్రాలు. వాళ్ల చేయి మొఘల్ పద్ధతిలో తిరిగిన చేయి. ఆ పద్ధతిలో కాగితం ఎలా ఉంటుంది? వస్లీ అంటారు. సన్న కాగితాలు మూడు నాలుగు పొరలు మైదా బంకతో అతికించి, నున్నటి అకీకు రాయితో గంటల తరబడి రుద్ది మెరుగు పెడతారు. గోల్కొండ, బీజాపూర్ దర్బారు చిత్రాలూ అలాంటి పొరల కాగితాల మీదే. దళసరి కాగితం దొరకకపోతే అతికించి చేసుకున్నారు! జైనుద్దీన్‌కు ఇంగ్లీషు షీటు ఒకే పొరగా, పెద్దగా, తెల్లగా దొరికింది. ఆయన వెనక ఏ దృశ్యమూ వేయకుండా ఆ తెలుపును వదిలేశాడు. పక్షి ఒక్కటే, కొమ్మ ఒక్కటే. ఈక ఈకా లెక్కపెట్టొచ్చు. ఆ చిత్రాల్లో కాగితం తెలుపు కూడా ఒక రంగే.

ఇక మన ఊళ్లకు వద్దాం. 1903లో యొకొయామా తైకన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ల పని చూశాక అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతి తయారు చేసుకున్నారు. రంగు వేయాలి, ఆరాలి, తర్వాత మొత్తం కాగితాన్నే నీళ్లలో ముంచాలి. పట్టుకోని రంగు నీళ్లలో పోతుంది, పట్టుకున్నది మెత్తగా మిగులుతుంది. మళ్లీ రంగు, మళ్లీ ముంచడం. ఎన్నిసార్లు? బొమ్మ అడిగినన్ని సార్లు. ఈ పద్ధతి మచిలీపట్నం వచ్చింది. కోపల్లె హనుమంతరావు గారు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ గారు చిత్రకళ నేర్పారు. అక్కడ నేర్చుకున్నవారిలో అడివి బాపిరాజు గారు ఒకరు. నవలాకారుడిగా అందరికీ తెలుసు, చిత్రకారుడిగా కూడా తెలియాలి. ఇప్పుడు ఆలోచించండి. మన డ్రాయింగ్ బుక్ కాగితాన్ని అలా మళ్లీ మళ్లీ నీళ్లలో ముంచితే తీసేటప్పుడు చేతికి ముక్కలొస్తాయి. గట్టి కాగితం లేకపోతే వాష్ పద్ధతే లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి చిత్రశాల ఉంది కదా, వెళ్లినప్పుడు బొమ్మలో మనుషుల్ని చూశాక ఒక్క నిమిషం దగ్గరగా నిలబడి, రంగు కింద కాగితం ఎలా ఉందో కూడా చూడండి. ఆయన 1925లో ఇరవై ఏడేళ్ల వయసులో పోయారు.

పైతలం గురించి తొందరగా చెప్పేస్తాను. మూడు రకాలు. వేడి రోలర్ల కింద నొక్కితే నున్నగా వస్తుంది, హాట్ ప్రెస్. పెన్ను, ఇంకు, పువ్వులు కాయల సన్నపని దీని మీద చేయాలి. వేడి లేకుండా నొక్కితే కొద్దిపాటి గరుకు, కోల్డ్ ప్రెస్. నేర్చుకునేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి. అసలు నొక్కకపోతే రఫ్. పెన్సిల్‌కు, బొగ్గుకు అంత దళసరి అక్కర్లేదు, 150 నుంచి 200 మధ్య కార్ట్రిడ్జ్ షీటు చాలు. కానీ గరుకు ఉండాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు సురా నల్లటి కోంటే క్రేయాన్‌తో గీతలున్న గరుకు కాగితం మీద వేసిన డ్రాయింగులు ఎక్కడైనా ప్రింటులో దొరికితే చూడండి. క్రేయాన్ గట్టుల మీదే పడుతుంది, గుంటలు తెల్లగా ఉండిపోతాయి. మనిషి ఆకారానికి గీతే ఉండదు, చీకట్లోంచి వెలుగు తేలి వస్తుంది. ఆ వెలుగంతా తాకకుండా వదిలిన కాగితం.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తున్నాను. చిత్తూరు దగ్గర నందనూరు అనే పల్లెలో 1925లో కృష్ణారెడ్డి గారు పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ వెళ్లి, ప్యారిస్‌లో అటెలియే 17 అనే ప్రింటు స్టూడియోలో పనిచేసి, ప్రపంచమంతా ఎరిగిన ప్రింట్‌మేకర్, అంటే ప్లేటు మీద బొమ్మ చెక్కి కాగితం మీదికి అచ్చు తీసే కళాకారుడు, అయ్యారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన శిల్పి కూడా. అందుకే లోహపు ప్లేటును గీయడంతో ఆగకుండా చెక్కారు, కొన్ని చోట్ల లోతుగా, కొన్ని చోట్ల పైపైన. నూనె ఎక్కువ కలిపిన ఇంకు, తక్కువ కలిపిన ఇంకు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడిగా నిలుస్తాయి. మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది, గట్టి రోలరు పైనే ఉంటుంది. అలా ఒకే ప్లేటు మీద అన్ని రంగులూ పెట్టి, ఒకే ఒక్కసారి ప్రెస్సులో తీస్తారు. విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు, దాన్ని రూపొందించినవాళ్లలో ఆయన ముఖ్యులు.

ఇందులో కాగితం పనేమిటి? ప్లేటు లోతుల్లో ఉన్న రంగును ఎవరు తీసుకురావాలి? కాగితమే దిగి తీసుకురావాలి. అందుకని దళసరి నూలు కాగితాన్ని నానబెట్టి, పైతడి అద్దేసి, మెత్తగా ఉండగా ప్లేటు మీద పరిచి, పైన ఉన్ని గుడ్డలు వేసి ప్రెస్సులో నడిపిస్తారు. ఆ ఒత్తిడికి కాగితం ప్రతి గుంటలోకి, ప్రతి గీతలోకి దిగుతుంది. సన్న కాగితమైతే చిరుగుతుంది. గట్టిగా ఎండిన కాగితమైతే దిగదు. బయటికొచ్చాక ఆ ప్రింటును పక్క నుంచి వెలుతురులో చూస్తే రంగే కాదు, ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. కాగితం చదునుగా ఉండదు, ప్లేటు లోతులన్నీ దాని మీద ఎత్తులై వస్తాయి.

సోమనాథ్ హోర్ గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. బెంగాల్ కరువును కళ్లారా చూసిన మనిషి. 1970ల్లో 'ఊండ్స్' అని, గాయాలు అని, ఒక వరస చేశారు. ఇంకు లేదు, రంగు లేదు. బంకమట్టి పలకను కత్తితో, కాల్చిన పనిముట్లతో గాయపరచి, దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు పోసి నొక్కారు. తెల్ల కాగితం మీద తెల్లటి గాయం. ఇంకేమీ లేదు. కాగితం బొమ్మకు ఆధారం అనుకుంటాం కదా, ఇక్కడ కాగితమే బొమ్మ. పుస్తకంలో ఫొటో చూస్తే సగమే తెలుస్తుంది. ఎప్పుడైనా ఏదైనా మ్యూజియంలో ఎదురుగా చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు.

మాస్టారూ, మీరు చాలాసేపటి నుంచి ఒక మాట అడగాలని చూస్తున్నారు. డబ్బు గురించే కదా? న్యాయమైన ప్రశ్న. విదేశీ నూలు కాగితం ఫుల్ షీటు కొన్ని వందల రూపాయలు. మన పిల్లలు కొనలేరు. నేను చెప్పేది ఏమిటంటే, ఫుల్ షీటును సగం చేయండి, దాన్ని సగం, మళ్లీ సగం. ఎనిమిది ముక్కలొస్తాయి, ఒక్కొక్కటి ఏడున్నర అంగుళాలకు పదకొండు. అభ్యాసానికి రెండు వైపులా వాడుకోవచ్చు. పదహారు బొమ్మలు! రాజస్థాన్‌లో సాంగనేర్‌లో, పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలో నూలు గుడ్డ ముక్కలతో చేతితో కాగితం చేస్తారు, దిగుమతి కాగితం కన్నా చవక. చేతి కాగితంలో సైజింగ్ ఒక్కో రకంలో ఒక్కోలా ఉంటుంది, అందుకని ఒకే ఒక్క షీటు కొని, పరీక్షించి, నచ్చితేనే కట్ట కొనండి. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు కూర్చునే పిల్లలు కనీసం చివరి నెల రోజులైనా మంచి కాగితం మీద వేయాలి. ఒక పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. పిల్లలకు ఇచ్చిన షీట్లు ఎంత పలచనంటే గంట తిరక్కుండా సగం బొమ్మలు ముడుచుకుపోయాయి. బహుమతులు వచ్చినవన్నీ క్రేయాన్ బొమ్మలే. నీటిరంగులు ఎంచుకున్న పిల్లలకు అన్యాయం జరిగింది, వాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

"నేర్చుకునేవాళ్లకు చవక కాగితం చాలు, వచ్చాక మంచిది కొనుక్కుంటారు" అనే మాట మనందరం విన్నాం. నేను దాన్ని గట్టిగా కాదంటాను. చేయి తిరిగినవాడు చెడ్డ కాగితాన్ని కూడా ఏదో రకంగా లొంగదీసుకుంటాడు. కొత్తగా వచ్చిన పిల్లకు ఆ శక్తి లేదు. ఎవరికి ఎక్కువ సాయం కావాలి? ఆ పిల్లకే. డబ్బు తక్కువుంటే కలర్ బాక్సులో రంగులు తగ్గించండి. ఒక ఎరుపు, ఒక పసుపు, ఒక నీలం, ఒక్క కుంచె. మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి.

దాచుకోవడం గురించి ఒక్క మాట, ముఖ్యంగా కోస్తా వైపు వాళ్లకు. జెలటిన్‌కు తేమ శత్రువు. వానాకాలంలో గోడకు ఆనించి పెట్టిన షీట్లకు బూజు కంటికి కనపడకుండానే పడుతుంది. వాష్, అంటే నీళ్లు కలిపిన పలచటి రంగు పూత, వేసేదాకా తెలియదు, వేయగానే చుక్కలు చుక్కలుగా రంగు లోపలికి ఇంకుతుంది. అప్పుడు ఏం చేసినా ఆ కాగితం తిరిగి రాదు. ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూసి, సిలికా జెల్ పొట్లాలు వేసి, చదునుగా పెట్టండి. చేత్తో పట్టుకునేటప్పుడు అంచులు పట్టుకోండి, చేతి జిడ్డు అంటిన చోట రంగు అంటదు.

ఇంకొకటి, యాసిడ్ ఫ్రీ అని రాసి ఉందేమో చూసుకోండి. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన పటిక, రోజనం అనే చెట్టు జిగురు కలిపి సైజింగ్ చేసే పద్ధతి ప్రకటించాడు. చవక, తేలిక. కానీ పటిక వల్ల కాగితంలో ఆమ్లం ఉండిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పీచును తినేస్తుంది. కలప గుజ్జు కాగితమైతే అందులో లిగ్నిన్, అంటే కలపలో పీచును పట్టి ఉంచే పదార్థం, కూడా ఉంటుంది, ఎండకు పసుపెక్కుతుంది. న్యూస్‌పేపర్ ముక్క కిటికీలో పెడితే కొద్ది రోజుల్లో మీకే తెలుస్తుంది. మీ బొమ్మ మీ మనవలు చూడాలంటే నూలు కాగితం, ఆమ్లం లేనిది.

మాటలు చాలు. పక్క బల్లల మీద ఐదు రకాల కాగితాలు పెట్టాం, పేర్లు కావాలనే రాయలేదు. ప్రతి దాని మీద ఒక నీటి చుక్క వేసి, ఎంతసేపు నిలబడుతుందో చూడండి. తర్వాత నీలం రంగుతో ఒక వాష్ వేసి, ఆరాక తడి కుంచెతో సగం ఎత్తేయడానికి ప్రయత్నించండి. ఏది వాటర్ కలర్ పేపరో మీరే చెప్పాలి. చిన్నపిల్లలు ముందు రండి, మాస్టార్లు కూడా రావాలి, నీళ్ల గ్లాసులు ఆ చివర ఉన్నాయి.